రోజుకి మూడు పందేలు

పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి
సైకిల్ మీద ఒక బీడీ దూరం.
ఆ ఏప్రిల్లో మధ్యన వెదురుగెడ కట్టారు.
ఇటు మైకు "ఘరే రుహంతు" అంటే
అటు మైకు "ఇళ్లల్లోనే ఉండండి" అనేది.
గాలి మళ్ళినప్పుడు రెండూ కలిసి
ఏ భాషా కాని మూలుగొకటి మా పెరట్లో పడేది.

కొమ్ముబొమ్మలు కొనేవాడు లేడు.
సగం చెక్కిన కొంగ, ముక్కు లేకుండా,
కిటికీలోంచి నన్నే చూస్తూ నిలబడింది.
చేతులు ఊరుకోక
మిగిలిన ముక్కలతో నాలుగు గవ్వలు చేశాను,
ఒక వైపు నలుపు, ఒక వైపు పాలరంగు.
మా మేనక బొగ్గుతో గచ్చు మీద అష్టాచెమ్మా గీసి
"అత్తని కూడా పిలుద్దాం నాన్నా" అంది.

హేమసుందరక్క ఇల్లు గెడకి అవతల, రోడ్డు మీదే.
బావ లారీ ఉల్లిపాయలతో రాయ్‌పూర్లో ఆగిపోయి
అప్పటికి పదకొండు రోజులు.
"సర్లే, నేనూ గీసుకుంతాను" అంది ఫోన్లో.
"కానీ రోజుకి మూడే పందేలు.
పాలయేళొకటి, మజ్జానమొకటి, దీపాలయేళొకటి.
నాకిక్కడ పనుంది."
ఏం పనో ఎవరం అడగలేదు.

అలా నడిచింది ఆట,
చద్దన్నం ఊరినంత తీరిగ్గా.
గోడ మీంచి బిష్ణుప్రియ అపా
బడియాలు పెడుతూ మా ఆవిణ్ణి అడిగేది
"నీ నణంద ఎంత వేసింది?" అని.
మా ఆవిడ గచ్చు తుడిస్తే
గళ్ళ చుట్టూ తిరిగి తుడిచేది,
నిద్దరోయే పిల్లాణ్ణి తప్పించుకున్నట్టు.

అక్కకి అన్నీ అష్టాలే.
పొద్దున్న అష్టా. మజ్జానం అష్టా.
తొండి, అని మేనక ఏడుపు.
"నీ మీదొట్టు, అష్టాయే పడింది."
అష్టా పడితే ఇంకోసారి వెయ్యాలి కదా,
వేసేది కాదు.
"ఇంక సాల్లే, రేపు సూద్దుం."
గెలిచేవాళ్ళ గొంతు అలా ఉండదు.
అప్పుడు నాకది తట్టలేదు.
నా కాయలు రెండు చచ్చి మళ్ళీ మొదటికొస్తే
గవ్వల్ని తిట్టుకుంటూ
వాటి పొట్టలు ఇంకాస్త అరగదీశాను.

మే సగంలో ఆవిడ జోరు తగ్గింది.
ఒకటి. రెండు. మళ్ళీ ఒకటి.
మేం సంబరపడ్డాం.
విచిత్రం, అక్క కూడా.
"మూడు పడింద్రా!" అని అరిచింది ఒక సాయంత్రం.
మూడుకి ఎవరైనా అరుస్తారా?
ఆ తర్వాతొక రాత్రి, వేళ కాని వేళ ఫోను,
"చెమ్మా! నాలుగ్గూడా!"
వెనకాల హారన్ మోత, ఎవరో దగ్గడం.
తెల్లారి తెలిసింది,
బావని పద్నాలుగు రోజులకి ఊరి బళ్ళో పెట్టారని.

గెడ తీసేశాక వచ్చింది.
గచ్చు మీద బొగ్గుగీతలు చూసి
చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"నేను గియ్యనే నేదురా.
గవ్వలేవీ నాకాడ?
కిటికీలోంచి సూసీదాన్ని.
టీకొట్టుకీ గెడకీ మజ్జిన లారీలు నాలుగే పడతాయి.
ఎన్నుంటే అంత సెప్పీదాన్ని."
"మరి అష్టా?" అంది మేనక.
"ఒక్కటీ నేకపోతే అష్టాయే కదమ్మా."

మా ఆవిడ టీ పెట్టడానికి లేచింది.
మిగిలిన ఆట ఆడేద్దామంది మేనక.
అక్క కొమ్ముగవ్వలు చేతిలోకి తీసుకుని
నలుపు, తెలుపు తిప్పి తిప్పి చూసి
"బాగా సేసినావురా" అని
వెయ్యకుండానే కింద పెట్టింది.

మొన్న పాతపట్నం వెళ్తుంటే
టీకొట్టు ముందు మూడు లారీలు.
సైకిలాపి, మూడు, అన్నాను పైకే.
ఏ కాయ జరపాలో తెలీక
కాసేపు అక్కడే నిలబడ్డాను.